గెలిస్తే ‘మనం’, ఓడితే ‘వాళ్ళు’



ఐపీఎల్ మొదలైతే పిల్లల మాటలు ఒకసారి గమనించండి. జట్టు గెలిచిన మర్నాడు “నిన్న మనం గెలిచాం” అంటారు. ఓడిన మర్నాడు “వాళ్ళు సరిగ్గా ఆడలేదు” అంటారు. పెద్దవాళ్ళమూ అంతే! ఒక్క రాత్రిలో ‘మనం’ కాస్తా ‘వాళ్ళు’ ఎలా అయింది?

అమెరికాలో రాబర్ట్ చాల్డీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1976లో ఈ విషయం మీదే ఒక పరిశోధన ప్రచురించారు. ఏడు విశ్వవిద్యాలయాల్లో సోమవారం నాడు విద్యార్థుల దుస్తులు గమనించారు. తమ ఫుట్‌బాల్ జట్టు గెలిచిన వారం, విశ్వవిద్యాలయం పేరున్న బట్టలు వేసుకొచ్చినవాళ్ళు ఎక్కువ. ఫోన్‌లో మ్యాచ్ గురించి అడిగితే, గెలుపు గురించి చెప్పేటప్పుడే ‘మేము’ అనే మాట ఎక్కువగా వచ్చింది. ఇంకో సంగతి: ముందుగా ఒక చిన్న క్విజ్ పెట్టి, “నీకు మార్కులు తక్కువ వచ్చాయి” అని చెప్పినవాళ్ళలో ఈ తేడా మరీ ఎక్కువగా కనిపించింది. అంటే మనసు చిన్నబోయినప్పుడు ఎవరిదో గెలుపును మనదిగా చెప్పుకుని నిలదొక్కుకుంటాం.

మరి ఓడే జట్టును ఎవరూ పట్టించుకోరా? మన బెంగళూరునే చూడండి. ఆర్‌సీబీ 2009, 2011, 2016లలో ఫైనల్ దాకా వెళ్ళి ఓడిపోయింది. కప్పు వచ్చింది 2025 జూన్ 3న, 18వ సీజన్‌లో. కప్పు రాకపోయినా అభిమానులు “ఈ సల కప్ నమ్దే” అంటూనే ఉన్నారు. ‘నమ్దే’ అంటే ‘మనదే’. అక్కడ వాళ్ళను కట్టి ఉంచింది కప్పు కాదు, ఆ ‘మనదే’ అన్న మాట. పక్కింటివాళ్ళతో, స్నేహితులతో కలిసి ఆశపడటం, కలిసి బాధపడటం కూడా ఒక బంధమే.

ఇక్కడ మన పిల్లలకు ఒక చిక్కుంది. 2009లో ఆర్‌సీబీని ఓడించింది డెక్కన్ ఛార్జర్స్, 2016లో సన్‌రైజర్స్. రెండూ హైదరాబాద్ జట్లే! “తెలుగువాడివి కదా, నువ్వెటు?” అని ఎవరైనా అడిగితే కంగారు పడకండి, పిల్లలూ. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ మాట్లాడటం లేదూ? ఇదీ అంతే. ఎటైనా ఉండొచ్చు, రెండు వైపులా ఉండొచ్చు.

అభిమానానికి హద్దు మాత్రం ఉండాలి. 2025 జూన్ 4న చిన్నస్వామి స్టేడియం దగ్గర సంబరాల తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. గుంపులోకి పిల్లల్ని ఒంటరిగా పంపకండి.

తల్లిదండ్రులకు ఇంకో మాట. జట్టు ఓడిందని పిల్లవాడు అన్నం మానేస్తే, “ఆటే కదా” అని కసురుకోకండి. ఈ వారం బడిలో ఏం జరిగిందో మెల్లగా అడగండి. బాధ మ్యాచ్‌ది కాకపోవచ్చు.