పిల్లలు లేరని కోడల్నే అంటున్నారా? ముందు ఈ చిన్న పరీక్ష చేయించండి!

పెళ్ళయి ఏడాది తిరిగిందో లేదో, మన ఇళ్ళల్లో ఆడపిల్ల కనబడితే అడిగే ప్రశ్న ఒక్కటే. "ఏమన్నా విశేషమా?" నేనూ అట్లా అడిగినదాన్నే. అందుకే ఈ నాలుగు ముక్కలు రాయాలనిపించింది.

మాది నంద్యాల. మా అన్న కూతుర్ని ఆళ్ళగడ్డలో ఇచ్చాం. నాలుగేళ్ళు పిల్లలు కలగలేదు. అహోబిలం నరసింహస్వామికి, మహానందీశ్వరుడికి మొక్కుకున్నాం. శనివారాలు ఉపవాసాలు చేసింది పిల్ల. తర్వాత ఆస్పత్రులు మొదలయ్యాయి. రక్తపరీక్షలు, స్కానింగులు, గర్భనాళాలు తెరుచుకుని ఉన్నాయా లేదా అని మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే. ఆ ఎక్స్‌రే రోజు నొప్పికి ఓర్చుకోలేక నా చెయ్యి పట్టుకున్న పట్టు ఇంకా మర్చిపోలేదు నేను. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. అయినా ఇరుగుపొరుగు వాళ్ళు సీమంతాలకు ఆ పిల్లను పిలవడం మానేశారు. "అబ్బాయికి కూడా పరీక్ష చేయిస్తే బాగుంటుందేమో" అని నేనంటే, వాళ్ళత్తగారు "మావాడికేం వదినా, నిక్షేపంలా ఉన్నాడు" అనేసింది.

ఒకరోజు వాళ్ళింటి ఆవు ఎదకొచ్చింది. గోపాలమిత్ర వచ్చాడు. "విత్తనం మంచిదేనా నాయనా?" అని అత్తగారు అడిగితే, "మైక్రోస్కోపులో చూసి, కదిలేవి బాగుంటేనే పంపుతారమ్మా" అన్నాడు. వాకిట్లో అంట్లు తోముకుంటున్న మా పిల్ల ఆ మాట విన్నది. ఆ రాత్రే నాకు ఫోన్ చేసి, "ఆవు దగ్గరికి రాకముందే ఎద్దుకు పరీక్ష చేస్తారంట గదత్తా! నాలుగేళ్ళుగా నాకొక్కదానికే ఎందుకు చేస్తున్నారు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

నిజమే మరి! మా నంద్యాలలోనే పశుగణాభివృద్ధి సంస్థ వారి ఘనీకృత వీర్య కేంద్రం ఉంది. మన దేశంలో పశువుల కోసం పెట్టుకున్న లెక్క ప్రకారం ఒక్కొక్క సన్నటి గొట్టంలో పావు మిల్లీలీటరు వీర్యం, అందులో 2 కోట్ల కణాలు ఉండాలి. మైనస్ 196 డిగ్రీల చలిలో దాచి, మళ్ళీ కరిగించి చూసినప్పుడు నూటికి 50 అయినా ముందుకు ఈదుతూ ఉండాలి. లేకపోతే ఆ సరుకు పారేస్తారు. ఆవుకున్న పాటి న్యాయం ఆడపిల్లకు లేకపోతే ఎట్లా చెప్పండి?

లోపం ఎవరిలో?

పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాళ్ళ వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుందని డాక్టర్లు చెబుతారు. మగతనానికీ దీనికీ సంబంధం లేదు. మనిషి దిట్టంగా ఉండి, కాపురం చక్కగా సాగుతున్నా వీర్యకణాలు తక్కువగా ఉండవచ్చు, ఉన్నవి కదలకపోవచ్చు. కంటికి చూస్తే తెలిసేది కాదు. ఈ కణాల గురించి మొదటిసారి వివరంగా రాసినవాడు హాలెండు దేశపు బట్టల వ్యాపారి లీవెన్‌హుక్. 1677లో తను చేసుకున్న భూతద్దంతో చూశాడు. ఇప్పటికీ మైక్రోస్కోపే ఆధారం.

పరీక్ష ఎట్లా చేస్తారు?

రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉన్నాక, ల్యాబు వాళ్ళు ఇచ్చిన శుభ్రమైన డబ్బాలో వీర్యం పట్టి ఇవ్వాలి. కోతలేదు, నొప్పిలేదు. ఒక బొట్టును గళ్ళు గీసిన గాజుపలక మీద వేసి లెక్కిస్తారు. మాక్లర్ ఛాంబర్ అని ఒకటుంది. అందులో బొట్టు మందం మిల్లీమీటరులో నూరోవంతు. పది గళ్ళలో ఎన్ని కణాలుంటే, మిల్లీలీటరుకు అన్ని పది లక్షలన్నమాట. కొన్ని పెద్ద ఆస్పత్రుల్లో కెమెరా, కంప్యూటరు కలిపి కణాల వేగం కూడా కొలుస్తారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన లెక్కల ప్రకారం కింది హద్దు ఇది. మిల్లీలీటరుకు 1 కోటి 60 లక్షల కణాలు, మొత్తం మీద 3 కోట్ల 90 లక్షలు. నూటికి 42 కదలాలి, అందులో 30 అయినా ముందుకు ఈదాలి. ఇంతకు తగ్గితే పిల్లలు పుట్టరని కాదు, అవకాశం తగ్గుతుందని అర్థం.

మేం చేసిన పొరపాటు

అల్లుడు ఎట్లాగో ఒప్పుకున్నాడు. సిగ్గుపడి ఇంట్లోనే డబ్బాలో పట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని ఆళ్ళగడ్డలో బస్సెక్కాడు. నంద్యాల నలభై కిలోమీటర్ల పైమాటే. బస్సు దిగి ల్యాబుకు చేరేటప్పటికి రెండు గంటలు దాటింది. ఎప్పుడు పట్టావని అక్కడ ఎవరూ అడగలేదు. "కదిలే కణాలు లేవు" అని కాగితం చేతిలో పెట్టారు. పిల్లాడు రెండు రోజులు అన్నం ముట్టలేదు. అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ రోజు మాత్రం ఆవిడ మీద నాకు కోపం రాలేదు.

కాగితం చూసిన డాక్టరమ్మ మొదట అడిగిన మాట, "ఎంతసేపటికి తెచ్చావు నాయనా?" పాలు తోడుపెట్టినట్టు దీనికీ వేళ, వేడి కుదరాలట. అరగంటలోపు చూడటం మంచిది, గంట దాటకూడదు. దారిలో చలి తగలకుండా లోపలి జేబులో ఒంటికి ఆనించి తేవాలి. కదలనివన్నీ చచ్చినవే కావు. ఇయోసిన్ అనే రంగు వేస్తే చచ్చినవాటిలోకి రంగు దిగుతుంది, బతికినవి తెల్లగానే ఉంటాయి. ఆ రంగు పరీక్ష కూడా అక్కడ చేయలేదు.

కొన్ని వారాలు ఆగి, ఆస్పత్రి గదిలోనే పట్టి మళ్ళీ చేయించాం. ఈసారి లెక్క బాగానే ఉంది, కదలిక నూటికి 34. తక్కువే కానీ సున్నా కాదు. అల్లుడు గుట్కా మానేశాడు. కొత్త కణాలు తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి మూడు నెలలకు మళ్ళీ చూశారు. 39కి వచ్చింది.

మంచివాటిని ఏరడం

ఇక కదిలే కణాలను వేరుచేసి, సన్నటి గొట్టంతో గర్భసంచిలోకే పంపుదామన్నారు. ఆ ఏరడం మన వంటింటి పనిలాంటిదే.

మొదటిది ఈత పద్ధతి. వీర్యం మీద పోషక ద్రవం పోసి, గొట్టాన్ని కాస్త వాల్చి, 37 డిగ్రీల వెచ్చదనంలో గంటసేపు ఉంచుతారు. సత్తువ ఉన్నవి పైకి ఈదుకొస్తాయి. మీగడ తీసినట్టు పైభాగం తీసుకుంటారు. కణాలు బాగా ఉన్నవాళ్ళకు ఇది చాలు.

రెండోది పొరల పద్ధతి. కింద చిక్కటి ద్రవం, దానిమీద పల్చటిది, అన్నిటికీ పైన వీర్యం వేసి గిర్రున తిప్పుతారు. చెత్త పైన ఆగిపోతే, గట్టి కణాలు అడుక్కి చేరతాయి. బియ్యం కడిగితే తాలు తేలి, గింజ అడుగున నిలిచినట్టే. మావాళ్ళకు ఇదే చేశారు.

మూడోది ఈమధ్య వచ్చిన చిప్పు. అరచేతిలో పట్టే పలకలో వెంట్రుకల్లాంటి సన్నటి కాలువలుంటాయి. కె.సి. కాలువలో చేపలు ఎదురీదినట్టు, బలమైన కణాలు వాటిలో ఈది అవతలికి చేరతాయి. గిర్రున తిప్పే బాధ లేదు కాబట్టి కణాల లోపల దెబ్బ తక్కువ. కాకపోతే ఖరీదు ఎక్కువ. దీనివల్ల పిల్లలు పుట్టే అవకాశం తప్పకుండా పెరుగుతుందని ఇంకా తేలలేదు. "ఇదే కావాలి" అని అప్పు చేసి పరిగెత్తవద్దు.

ఇంట్లో చూసుకునే కిట్లు కూడా ఉన్నాయి. కొన్ని కణాల లెక్కే చెబుతాయి, కదలిక చెప్పవు. కొన్ని సెల్‌ఫోను కెమెరాతో కదలిక చూపిస్తాయి. సిగ్గుపడేవాళ్ళకు మొదటి మెట్టుగా పనికొస్తాయి కానీ, ల్యాబు పరీక్షకు బదులు కావు.

ఇవి గుర్తుంచుకోండి

* ఏడాది కాపురం చేసినా నెల తప్పకపోతే భార్యాభర్తలిద్దరూ కలిసే వెళ్ళాలి. ఆమెకు 35 దాటితే ఆరు నెలలకే వెళ్ళాలి.
* ఆమెకు నొప్పి కలిగించే పరీక్షలకు ముందే అతని పరీక్ష అయిపోవాలి.
* మామూలు నిరోధ్‌లోనూ, నూనెలు, జిగురు మందులు వాడీ పట్టకూడదు. వాటివల్ల కణాలు చచ్చిపోతాయి.
* ఒక్క కాగితం చూసి నిర్ణయానికి రావద్దు. రెండోసారి చేయించండి. మధ్యలో గట్టి జ్వరం వస్తే మూడు నెలలు ఆగండి.
* ఇట్లాంటి చికిత్స చేసే ఆస్పత్రులు 2021 చట్టం కింద రిజిస్టరు కావాలి. అడిగి చూడండి.
* "మగపిల్లవాడి కణాలు ఏరిపెడతాం" అని ఎవరైనా అంటే లేచి వచ్చెయ్యండి. లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం అది నేరం.

మా పిల్లకు మొదటిసారి నిలవలేదు, రెండోసారి నిలిచింది. అందరికీ ఇట్లాగే అవుతుందని నేను చెప్పను. డాక్టరమ్మ కూడా చెప్పలేదు. కానీ గర్భం నిలవకముందే ఆ ఇంట్లో ఒకటి మారింది. మొదటిసారి నిలవక పిల్ల ఏడుస్తూ పడుకుంటే, అత్తగారే పళ్ళెంలో అన్నం కలిపి తెచ్చి, "లేమ్మా, తప్పు నీది కాదు, ఎవరిదీ కాదు" అందట.

ఆ మాట నాలుగేళ్ళ ముందే అనివుంటే ఎంత బాగుండేది! మీ ఇంట్లో అంత ఆలస్యం చేయకండి. ఈసారి కోడల్ని "విశేషమా?" అని అడగబోయే ముందు, కొడుకును ఒక్కసారి ల్యాబు దాకా పంపండి.