ఒక యింటి ఉత్తరములు

శాస్త్రవేత్త గ్రంథములో ఆయన సిద్ధాంతము కానవచ్చును గాని, ఆ సిద్ధాంతము పుట్టిన యిల్లు కానరాదు. ఇల్లు చూడగోరువారు ఇంటివారి ఉత్తరములు చదువవలెను. జీవపరిణామ సిద్ధాంతమును లోకమునకు తెలిపిన చార్లెస్ డార్విన్ కుటుంబము తన కాగితములను భద్రముగా కాపాడుకొన్నది. ఆయన వ్రాసినవి, అందుకొన్నవి కలిసి 15,000 ఉత్తరములకు పైగా లభించినవి. కేంబ్రిడ్జి కేంద్రముగా 1974లో ఆరంభమైన వాని పరిష్కరణ 30 సంపుటములుగా 2023లో ముగిసినది. వారి యింటి కాగితములలో మూడింటిని మాత్రము ఇచట పరిశీలింతము.

డార్విన్ 1839లో ఎమ్మా వెడ్జ్‌వుడ్‌ను వివాహమాడెను. ఆమె ఆయన మేనమామ కుమార్తె. మన వాడుకలో అది మేనరికము. ఎమ్మా దైవభక్తి కలది; భర్త మనస్సున సందేహములు మొలకెత్తుచుండెను. పెండ్లియైన తొలినాళ్లలోనే ఆమె తన చింతను ఉత్తరముగా వ్రాసి భర్తకిచ్చెను. నిరూపణమైనదానినే నమ్ము శాస్త్రజ్ఞుని యలవాటు, నిరూపణమునకందని విషయములందును ఆయనను నడపునేమోయని ఆమె భయము. ఆయన ఆ కాగితమును జీవితాంతము దాచుకొనెను. దానిని పలుమారులు ముద్దిడి కన్నీరు కార్చితినని, తాను పోయిన పిమ్మట ఆమెకు తెలియునట్లు దానిమీదనే వ్రాసి యుంచెను.

రెండవది 1844 జూలై 5వ తేదీ ఉత్తరము. అప్పటికి జాతుల మార్పును గూర్చిన వ్యాసమొకటి సిద్ధమైనది. ప్రకటించుటకు ఆయన తొందరపడలేదు. తనకు ఆకస్మికముగా మరణము సంభవించినచో 400 పౌనులు వెచ్చించి దానిని ప్రకటింపజేయుమని కోరుచు ఆయన వ్రాసిన ఉత్తరమిది. ఎవరికి? ఆ ఎమ్మాకే! ఏ భావములు ఆమె విశ్వాసమును నొప్పింపగలవో, ఆ భావములను ఆయన ఆమె చేతులకే అప్పగించెను. అభిప్రాయభేదము వారి పరస్పర విశ్వాసమును చెఱుపలేదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

మూడవది 1876లో తన సంతానము కొఱకు ఆయన వ్రాసిన ఆత్మకథ. 1882లో ఆయన మరణించెను. కుమారుడు ఫ్రాన్సిస్ 1887లో దానిని ప్రకటించినపుడు, తల్లి మనస్సు నెఱిగి, మతమును గూర్చిన కొన్ని మాటలను విడిచిపెట్టెను. ఎమ్మా 1896లో కన్నుమూసెను. మనుమరాలు నోరా బార్లో 1958లో విడిచిన భాగములనెల్ల చేర్చి ఆత్మకథను మరల ప్రకటించెను.

ఎమ్మా కోరిక తప్పని కొందఱందురు. దాచుట వేఱు, తగులబెట్టుట వేఱు. ఆ కుటుంబము లోకమునకు చూపనొల్లని మాటలను అచ్చునుండి తొలగించినదే గాని, వ్రాతప్రతిని నాశనము చేయలేదు. అందువలననే మనుమరాలు తాతగారి మాటలను ఆయన వ్రాసినట్లే మనకందింపగలిగెను.