తెర మీది గరుకు: డిజిటల్ కుంచె కథ

చిత్రలేఖనంలో టెక్స్చర్ అంటే, చేత్తో తడిమితే తెలియవలసిన గరుకును, నునుపును, పగులును కంటికే తెలియజేసే గుణం. కాన్వాసు మీద ఇది కుంచె వెంట్రుకల బిగువు, రంగు చిక్కదనం, చేతి ఒత్తిడి, అడుగున ఉన్న నేత ఎత్తుపల్లాలు కలిసిన చోట దానంతటదే పుడుతుంది. కంప్యూటర్ తెర మీద వీటిలో ఏదీ లేదు కాబట్టి అన్నిటినీ అంకెలుగా మార్చి యంత్రానికి నేర్పవలసి వచ్చింది, ఆ చదువుకు సుమారు ఇరవై ఏళ్లు పట్టింది.

1973లో జిరాక్స్ సంస్థకు చెందిన పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో రిచర్డ్ షూప్ రూపొందించిన సూపర్‌పెయింట్, తెర మీద రంగుల బొమ్మలు వేయనిచ్చిన తొలి వ్యవస్థల్లో ఒకటి. ఇలాంటి వ్యవస్థల్లో సాధారణ డిజిటల్ కుంచె నిజానికి గీతను గీయదు. అద్దకంవాళ్లు చెక్క అచ్చును గుడ్డ మీద వరసగా ఒత్తుకుంటూ పోయినట్లు, కుంచె మొన అనే చిన్న బొమ్మను చేయి కదిలిన దారి పొడుగునా ముద్రిస్తూ పోతుంది. ఆ మొనలో నల్లగా ఉన్న చోట రంగు నిండుగా, బూడిదగా ఉన్న చోట పలుచగా పడుతుంది, తెల్లని చోట అసలు పడదు. ముద్రల మధ్య దూరం ఫొటోషాప్‌లో మామూలుగా మొన వ్యాసంలో 25 శాతం ఉంటుంది. దాన్ని 5 శాతానికి తగ్గిస్తే ముద్రలు కలిసిపోయి నున్నని గీత అవుతుంది, 100 దాటిస్తే విడివిడిగా నిలుస్తాయి. ఒకే ముద్ర ఒకే వాలులో పదేపదే పడితే కన్ను ఇట్టే పట్టేస్తుంది కనుక, ప్రతి ముద్రకూ కోణాన్నీ పరిమాణాన్నీ కొద్దికొద్దిగా మార్చే ఏర్పాటు కూడా చేశారు.

చేతి ఒత్తిడి సంగతి వాకామ్ వంటి సంస్థల బొమ్మలు గీసే పలకలు (టాబ్లెట్లు) చూసుకున్నాయి. పలక పంపే తరంగాలకు కలంలోని తీగచుట్ట స్పందించే విద్యుదయస్కాంత అనునాదం వల్ల బ్యాటరీ లేని కలం కూడా తన చోటును, ఒత్తిడిని తెలుపగలిగింది. ఇక వెంట్రుకల సంగతికి వస్తే, 1986లో పరిశోధకుడు స్టీవ్ స్ట్రాస్‌మన్ ప్రతి వెంట్రుకకూ విడిగా సిరా లెక్క పెట్టిన కుంచెను ప్రతిపాదించాడు.

అయితే వీళ్ల దృష్టి ఎక్కువగా కుంచె మీదే. కుంచె కింద ఉన్నదానికి పెద్దపీట వేసింది 1991లో మార్క్ జిమ్మర్, టామ్ హెడ్జెస్ తెచ్చిన పెయింటర్ అనే సాఫ్ట్‌వేర్. అందులో కాగితం ఒక ఎత్తుపల్లాల పటం: తేలికగా రుద్దితే రంగు మిట్టలకే అంటుతుంది, గట్టిగా నొక్కితే పల్లాల్లోకీ దిగుతుంది. ఈ కథలో అన్నిటికంటే పెద్ద అడుగు ఇదే.

పైతలం పని ముందు, కుంచె పని తరువాత అన్న ఈ క్రమం పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని నిర్మల్ కళాకారులకు కొత్తది కాదు. అక్కడి బొమ్మను తేలికైన, మెత్తని పొనికి చెక్కతో చెక్కి, ముక్కలను చింతగింజల జిగురు, చెక్కపొట్టు కలిపిన ముద్దతో అతికి, ఆ పైన తెల్లసుద్ద పూసి, నునుపు చేసిన తరువాతే రంగు వేస్తారు. పండు తొక్క నిగనిగ గానీ జంతువు ఒంటి నునుపు గానీ అంత సహజంగా కనిపించడంలో, రంగు కంటే ముందు జరిగిన ఆ తయారీకి పెద్ద వాటా ఉంది.

ఆ తయారీకి ముందు పొనికి చెక్కకు ఉండే గరుకును డిజిటల్ కుంచెలోకి తీసుకోవడం కష్టం కాదు. సుద్ద పూయని పొనికి చెక్కను పక్కవాటు వెలుగులో ఫొటో తీసి, నలుపు తెలుపుల్లోకి మార్చి, ఉచితంగా దొరికే క్రిటా అనే చిత్రలేఖన సాఫ్ట్‌వేర్‌లో టెక్స్చర్‌గా పెట్టుకోవచ్చు. ఒక్క జాగ్రత్త అవసరం: ఆ గరుకు కుంచెతో పాటు కదలకూడదు, కాన్వాసుకు అంటిపెట్టుకొని ఉండాలి. కదిలితే ఒకదానిపై ఒకటి పడే ముద్రల్లో చెక్క చారలు అలుక్కుపోతాయి. నిలిచి ఉంటే రెండోసారి రుద్దినా అవే మిట్టలు రంగు పట్టుకుంటాయి, నిజమైన చెక్క మీద జరిగేదీ అదే. అడవుల్లో పొనికి చెట్లు తగ్గిపోతున్న ఈ రోజుల్లో కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల యువ చిత్రకారులు ఈ పనికి పూనుకోవాలి, తాము తయారుచేసిన ప్రతి కుంచెకూ అది ఏ ఊరి పనితనం నుంచి వచ్చిందో ఆ ఊరి పేరే పెట్టాలి.