ఊరి గ్రంథాలయంలో మన వాటా

నరసరావుపేటలోనో, మాచర్లలోనో, గురజాలలోనో సొంత ఇల్లున్న ప్రతి కుటుంబమూ ఏటా ఇంటిపన్ను చెల్లిస్తుంది. ఆ పన్నుతోపాటు మనం చెల్లించే మరో చిన్న మొత్తాన్ని చాలామంది గమనించరు. అది గ్రంథాలయ పన్ను. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం కింద పంచాయతీలు, పురపాలక సంఘాలు ఇంటిపన్నులో ప్రతి రూపాయికి 8 పైసల చొప్పున ఈ సెస్సును వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. అంటే వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇంటి నుండి 80 రూపాయలు పుస్తకాల కోసం వెళుతున్నాయన్నమాట. అద్దె ఇళ్లలో ఉన్నవారు కూడా అద్దె రూపంలో ఈ భారాన్ని పరోక్షంగా మోస్తూనే ఉన్నారు.

ఈ లెక్కన ఊరి గ్రంథాలయం ప్రభుత్వం దయతలచి ఇచ్చిన దానం కానేకాదు. అది మన సొమ్ముతో నడుస్తున్న మన ఇల్లు. మరి ఆ ఇంటి గడపను మన కుటుంబంలో ఎందరు తొక్కారు? ఉదయం పూట దినపత్రిక కోసం ఒక పెద్దాయన, పోటీ పరీక్షల కోసం ఒక యువకుడు, ఎక్కువలో ఎక్కువ అంతే. తల్లులు, ఆడపిల్లలు, చిన్నారులు, అమ్మమ్మలు ఆ భవనం ముందు నుండి సాగిపోతారే గాని లోపలికి అడుగుపెట్టరు. ఈ దూరం తగ్గాలంటే మన వైపు నుండి జరగవలసినదేమిటో ఆలోచించడమే ఈ వ్యాస ఉద్దేశం.

మహిళలు అడిగి తీసుకున్న రోజు

దైవవాణి అవతరణ ప్రారంభమైనదే చదవమనే ఆజ్ఞతో. ఈ విషయం మన పిల్లలకు కూడా తెలుసు. అయితే దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆ ఆజ్ఞను సమాజంలో ఎలా అమలుపరిచారన్నది మరింత ఆలోచించదగ్గ విషయం. బద్ర్ యుద్ధ ఖైదీలలో పరిహారం చెల్లించలేని అక్షరాస్యులకు ముస్లిం పిల్లలకు రాయడం, చదవడం నేర్పితే విడుదల కల్పించారు. నేర్పేవారు ముస్లిమేతరులైనా విద్య విషయంలో అది అడ్డంకి కాలేదు. మస్జిదె నబవీలోని సుఫ్ఫా అరుగు ఇల్లూ వాకిలీ లేని నిరుపేద సహాబాలకు నివాసంగానూ, పాఠశాలగానూ ఉండేది. హజ్రత్ షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (రజి) చేత విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ హఫ్సా (రజి)కి రాయడం నేర్పించారు.

వీటన్నిటితోపాటు సహీహ్ బుఖారీలో నమోదైన మరో సంఘటన నేటి మన సోదరీమణులకు ఎంతో ఉపయోగపడుతుంది. పురుషులే ఎల్లప్పుడూ ప్రవక్త (స) సన్నిధిని ఆక్రమించుకుంటున్నారనీ, తమ కోసం ప్రత్యేకంగా ఒక రోజు కేటాయించాలనీ మదీనా మహిళలు స్వయంగా విన్నవించుకున్నారు. ఆయన వారి కోరికను మన్నించి ఒక రోజు నిర్ణయించి, వారికి బోధించారు. ఇక్కడ గమనించవలసినవి రెండున్నాయి. జ్ఞానం కోసం స్త్రీలు నోరు తెరిచి అడగడం తప్పు కాదు. వారికి అనువైన సమయాన్ని, స్థలాన్ని ఏర్పాటు చేయడం పెద్దల బాధ్యత.

ఈ నేల సంప్రదాయం

మనం నివసిస్తున్న ఈ కృష్ణాతీరానికి కూడా గ్రంథాలయాల విషయంలో ఘనమైన వారసత్వం ఉంది. 1911లో బెజవాడలో రామమోహన ధర్మ గ్రంథాలయం వెలసింది. 1914లో అక్కడే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. దాని వెనుక ప్రధాన శక్తి అయ్యంకి వెంకటరమణయ్య. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం మొదలైంది. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. ఆ ఊరు నేడు మన పొరుగు జిల్లా బాపట్లలో ఉంది.

ఆ ఉద్యమకారులు గ్రంథాలయమంటే పుస్తకాల బీరువా అనుకోలేదు. చదువురాని వారికి చదివి వినిపించేవారు. వయోజనులకు రాత్రిపూట అక్షరాలు నేర్పేవారు. గ్రంథాలయ యాత్రల పేరుతో ఊరూరా తిరిగి ప్రజలను కదిలించేవారు. 1935లో పాతూరి నాగభూషణం పుస్తకాలను పడవకెక్కించి కృష్ణా కాలువ వెంట పల్లెలకు చేర్చారు. పాఠకుడు పుస్తకం దగ్గరకు రాలేకపోతే పుస్తకమే పాఠకుని దగ్గరకు వెళ్లాలన్నది వారి పట్టుదల. నేడు గ్రంథాలయాలలో జరిగే బాలల శిబిరాలు, మహిళా సమావేశాలు, సభలు ఆ పట్టుదలకు కొనసాగింపే.

వయసుకొక వాకిలి

ఏటా నవంబరు 14 నుండి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. జిల్లా గ్రంథాలయ సంస్థల పరిధిలోని శాఖా గ్రంథాలయాలు ఆ వారమంతా పుస్తక ప్రదర్శనలు, విద్యార్థులకు వ్యాసరచన, వక్తృత్వ, చిత్రలేఖన పోటీలు, కవి సమ్మేళనాలు నిర్వహిస్తాయి. వారంలో ఒక రోజును మహిళలకు కేటాయించడం కూడా పరిపాటి. వేసవి సెలవుల్లో బాలలకు విజ్ఞాన శిబిరాలుంటాయి. కథలు చెప్పడం, పిల్లల చేత పుస్తకాలు చదివించడం, బొమ్మలు గీయించడం, క్విజ్, చదరంగం వంటివి వాటిలో భాగం.

పల్నాడులో ఈ వేసవి శిబిరాల విలువ చాలా ఎక్కువ. మిరప కోతలకు, పత్తి తీతకు తల్లిదండ్రులు పొలాల బాట పట్టినప్పుడు, పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు తండ్రి పనికి వెళ్లినప్పుడు, బడి లేని పిల్లవాడు ఎక్కడ గడపాలి? వీధిలోనో, సెల్‌ఫోన్ ముందో గడిపే ఆ రెండు గంటలు పుస్తకాల మధ్య గడిస్తే అది ఉచితంగా దొరికిన ట్యూషన్. మక్తబ్‌లో ఖుర్ఆన్ పారాయణం ముగించుకున్న పిల్లలను అటు నుండి అటే శిబిరానికి పంపవచ్చు. ఈ రెండు చదువులకూ పోటీ లేదు.

యువతీ యువకుల సంగతి వేరు. గ్రూప్స్, డీఎస్సీ, పోలీసు నియామకాల వంటి పోటీ పరీక్షలకు కోచింగ్ ఫీజులు భరించలేని కుటుంబాలు మనలో అధికం. గ్రంథాలయంలో దినపత్రికలు, పోటీ పరీక్షల పుస్తకాలు, ప్రశాంతంగా కూర్చునే చోటు లభిస్తాయి. పదవ తరగతితోనో, ఇంటర్‌తోనో చదువు ఆగిపోయిన ఆడపిల్లకు గ్రంథాలయ సభ్యత్వ కార్డు తెగిన దారాన్ని తిరిగి ముడివేసే సాధనం. కొద్దిపాటి డిపాజిట్టుతో సభ్యత్వం తీసుకుంటే పుస్తకం ఇంటికే తెచ్చుకోవచ్చు. రోజూ వెళ్లి కూర్చోవలసిన అవసరం కూడా ఉండదు.

ఇక వృద్ధులు. మన ఇళ్లలో ఒక విచిత్రమైన పరిస్థితి ఉంది. నానా, దాదాల్లో కొందరికి ఉర్దూ చదవడం వచ్చు గాని తెలుగు రాదు. మనవలకు తెలుగు వచ్చు గాని ఉర్దూ లిపి తెలియదు. నానీలకు, దాదీలకు అనేకులకు ఏ లిపీ తెలియకపోయినా, నోటినిండా కథలుంటాయి. గ్రంథాలయ ఉద్యమం నాటి బహిరంగ పఠనాన్ని తిరిగి ప్రారంభిస్తే ఈ మూడు తరాలూ ఒకచోట చేరతాయి. మనవడు తెలుగు పుస్తకం చదివి వినిపిస్తాడు. దాదీ తాను విన్న కథ చెబుతుంది. ఆ కథను ఒక పిల్ల నోటుపుస్తకంలోకి ఎక్కిస్తే అది కుటుంబ చరిత్రగా నిలిచిపోతుంది.

అలమరలో మనవాళ్లు

అక్కడ మన కోసం ఏముంటుందన్న సందేహం కొందరికి కలుగుతుంది. పల్నాటి గడ్డ మీదనే దానికి సమాధానముంది. 1895లో వినుకొండలో జన్మించిన గుర్రం జాషువా పారశీక మహాకవి జీవితాన్ని తీసుకుని 'ఫిరదౌసి' కావ్యం రచించారు. 'ముంతాజ మహలు' కూడా ఆయనదే. అంటరానితనపు బాధను స్వయంగా అనుభవించిన ఒక తెలుగు కవి, రాజు మాట తప్పినందుకు కుమిలిపోయిన ముస్లిం కవి వేదనను తనదిగా చేసుకున్నారు. దివ్యఖుర్ఆన్‌ను మొట్టమొదట తెలుగులోకి తెచ్చిన చిలుకూరి నారాయణరావు ముస్లిం కాదు.  పిఠాపురానికి చెందిన ఉమర్ ఆలీషా తెలుగు పద్యంలో దిట్ట. స్వాతంత్ర్యోద్యమంలో ముస్లిం స్త్రీపురుషుల త్యాగాలపై సయ్యద్ నశీర్ అహమ్మద్ తెలుగులో వరుసగా పుస్తకాలు రాశారు.

ఈ పేర్లు మన పిల్లలకు తెలిస్తే తెలుగు తమదేననే ధీమా కలుగుతుంది. పొరుగు పిల్లలకు తెలిస్తే మనపై ఉన్న అపోహలు తొలగుతాయి. రెండూ ఒకే బల్ల దగ్గర జరిగే చోటు ఊరి గ్రంథాలయం. మస్జిద్‌కు మనమే వెళతాం, ఆలయానికి వారే వెళతారు. గ్రంథాలయంలో మాత్రం అందరి పిల్లలూ భుజం భుజం కలిపి కూర్చుంటారు.

లోపాలు లేవా?

ఉన్నాయి. అనేక చోట్ల స్థానిక సంస్థలు వసూలు చేసిన సెస్సును సకాలంలో జమచేయవు. ఆ బకాయిల వల్ల కొత్త పుస్తకాలు రావు. కొన్ని శాఖలు ఇరుకు గదుల్లో నడుస్తాయి. స్త్రీలకు వేరుగా కూర్చునే చోటు, మరుగుదొడ్డి వసతి ఉండవు. ఉర్దూ పుస్తకాలు అరుదు. ఇవన్నీ నిజమే. అయితే పాఠకులు లేరన్న సాకుతో నిధులు తగ్గుతాయి, నిధులు లేవన్న కారణంతో పాఠకులు తగ్గుతారు. ఈ విషవలయాన్ని ఛేదించగలిగేది పాఠకుడే. హాజరు పట్టీలో మన సంతకాలు పెరిగిన కొద్దీ అడిగే హక్కు బలపడుతుంది. సంతకమే లేనివాడి ఫిర్యాదును ఎవరు పట్టించుకుంటారు?

మనం చేయదగినవి

ఒకటి: ఇంటికొక సభ్యత్వం. వీలైతే ఆ కార్డు తల్లి పేరనో, కుమార్తె పేరనో ఉండాలి. శాఖా గ్రంథాలయాలకు సాధారణంగా శుక్రవారం వారపు సెలవు, ఆదివారం తెరచి ఉంటాయి. బడి సెలవు రోజున పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లడానికి ఇది అనుకూలం.

రెండు: మదీనా మహిళల మాదిరిగా మన సోదరీమణులు కలసి గ్రంథాలయాధికారికి ఒక విన్నపం రాయాలి. వారానికి ఒక పూట, కనీసం రెండు గంటలు మహిళలకు కేటాయించమని గౌరవంగా కోరాలి. పదిమంది సంతకాలుంటే ఆ విన్నపాన్ని తేలికగా తోసిపుచ్చలేరు. ఈ పూట అన్ని మతాల మహిళలకూ ఉపకరిస్తుంది.

మూడు: నవంబరు 11 మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ జయంతి. స్వతంత్ర భారత తొలి విద్యామంత్రి అయిన ఆయన పుట్టినరోజును జాతీయ విద్యా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. వారోత్సవాలకు మూడు రోజుల ముందు వచ్చే ఆ రోజున గ్రంథాలయంలో ఒక సభ, విద్యార్థులకు ఒక వ్యాసరచన పోటీ ఏర్పాటు చేయమని కోరవచ్చు. బహుమతి పుస్తకాలను మస్జిద్ కమిటీ సమకూర్చితే మరీ మంచిది.

నాలుగు: ఇమాములు వేసవి శిబిరాల గురించి, వారోత్సవాల గురించి జుమా నాడు ఒక్క మాట చెబితే చాలు, ఆ కబురు ప్రతి ఇంటికీ చేరుతుంది.

ఐదు: చదివి పక్కన పెట్టిన మంచి పుస్తకాలను గ్రంథాలయానికి ఇవ్వాలి. ప్రయోజనం కలిగించే జ్ఞానాన్ని వదలి వెళ్లినవారికి మరణానంతరం కూడా పుణ్యఫలం అందుతూనే ఉంటుందని దైవప్రవక్త (స) తెలియజేశారు. ఒక పుస్తకం వంద చేతులు మారితే ఆ సదఖా జారియా ఎంత దూరం ప్రయాణిస్తుందో ఊహించండి. ఏదైనా శాఖకు గది చాలకపోతే ఊరి సంపన్నులు ఒక గది కట్టించి ఇవ్వవచ్చు. పూర్వం మన పెద్దలు గ్రంథాలయాలకు ఆస్తులను వఖ్ఫ్ చేసిన దృష్టితోనే ఈ పని చేయాలి.

సోదర సోదరీమణులారా! మన సొమ్ముతో నిలిచిన సంస్థ మన నిర్లక్ష్యంతో మూతపడితే రేపటి తరానికి మనం ఏమని జవాబు చెప్పగలం? అది మన చేతిలోని అమానతు. ఈ ఆదివారం ఇంటిల్లిపాదీ బయలుదేరి ఊరి గ్రంథాలయంలో ఒక గంట గడపండి. అక్కడి హాజరు పట్టీలో ఇంట్లోని చిన్న పిల్ల చేత కూడా పేరు రాయించండి. జ్ఞానంలో వృద్ధి కోసం చేసే మన దుఆలకు అల్లాహ్ ఆచరణలో సాఫల్యం ప్రసాదించుగాక. ఆమీన్.