విశాఖపట్నం జిల్లా: ఒకే కలెక్టరు, మూడు భూపాలనలు

నేటి విశాఖపట్నం జిల్లా విస్తీర్ణంలో చిన్నది. బ్రిటిష్ పాలనలో ఇదే పేరుగల జిల్లా సుమారు 17 వేల చదరపు మైళ్లతో మద్రాసు ప్రెసిడెన్సీలో అతి పెద్దదిగా ఉండేది. తీర మైదానం, తూర్పు కనుమలు, వాటి ఆవలి జయపురం పీఠభూమి అన్నీ ఇందులో అంతర్భాగాలే.

ఉత్తర సర్కారులు 1765 నాటి మొగలు ఫర్మానా, 1766 నాటి నిజాం ఒప్పందం ద్వారా ఈస్టిండియా కంపెనీకి సంక్రమించాయి. పేష్కష్ వివాదం 1794 జూలై 10న పద్మనాభం యుద్ధానికి దారితీయగా, విజయనగర ప్రభువు చిన విజయరామరాజు అందులో మరణించారు. 1802లో శాశ్వత శిస్తు నిర్ణయం అమలులోకి వచ్చింది. విజయనగరం, బొబ్బిలి, జయపురం వంటి సంస్థానాల పేష్కష్ శాశ్వతంగా ఖరారైంది. హవేలీ భూములను ఎస్టేట్లుగా విభజించి వేలం వేశారు. జమీందారుకు లభించిన ఈ హామీ, అతనికి శిస్తు చెల్లించే రైతుకు లభించలేదన్నది గమనార్హం.

పాలకొండ 1833లో జప్తయింది. గొలుగొండ 1837లో ప్రభుత్వపరమైంది. సర్వసిద్ధితో కలిపి ఈ మూడు తాలూకాలే ప్రభుత్వ తాలూకాలు; మిగిలినదంతా జమీందారీయే. కొండ ప్రాంతాలను 1839 నాటి 24వ చట్టం సాధారణ న్యాయస్థానాల పరిధి నుండి తొలగించి, గవర్నరు ఏజెంటు హోదాలో కలెక్టరుకే అప్పగించింది. ‘ఏజెన్సీ’ అనే మాట అప్పటిదే. గిరిజనుల భూమి ఇతరులకు బదిలీ కాకుండా నియంత్రించే తొలి చట్టం 1917లో వచ్చింది.

1936 ఏప్రిల్ 1న జయపురం ఒరిస్సాలో చేరింది. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం జిల్లాలు ఏర్పడ్డాయి. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు విడివడ్డాయి.

సరిహద్దులు మారినా పాత విభజన రికార్డులలో నిలిచియున్నది. 1948 నాటి చట్టం ఎస్టేట్లను రద్దుచేసిన మీదట, పూర్వపు జమీందారీ గ్రామాలలో హక్కు నిర్ధారణకు సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ మూలాధారమైంది. ఏజెన్సీలో మాత్రం 1959 నాటి 1వ నిబంధన, దానిని కఠినతరం చేసిన 1970 నాటి 1వ నిబంధన వర్తిస్తాయి. అనంతగిరి మండలంలోని గనుల లీజులపై తలెత్తిన సమత కేసులో సుప్రీంకోర్టు 1997 జూలై 11న ఇచ్చిన తీర్పు, షెడ్యూల్డు ప్రాంతాలలోని ప్రభుత్వ భూములను సైతం గిరిజనేతరులకు లీజుకివ్వరాదని స్పష్టం చేసింది.