ఏడో తరగతికి వచ్చినా చదవడం రాకపోతే

మన సంఘాల్లో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు కొందరు సండే స్కూలులో కంఠత వాక్యం తడబడకుండా చెప్తారు. అదే వాక్యం బైబిలు తెరిచి చదవమంటే తల వంచుకుంటారు. వాళ్లకు జ్ఞాపకశక్తి తక్కువేమీ కాదు. చెవితో విన్నది గుర్తుంచుకొని, చదవడం రాని సంగతిని ఇన్నేళ్లు దాచుకుంటూ వచ్చారు.

ఈ కష్టం శ్రీరాంపూర్ గని కాలనీలకో, చుట్టుపక్కల పల్లెలకో మాత్రమే పరిమితం కాదు. 2024లో దేశంలోని గ్రామాల్లో జరిపిన అసర్ సర్వేలో, ఎనిమిదో తరగతి పిల్లల్లో నూటికి సుమారు 71 మందే రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగారు. మిగిలినవారి సంగతి ఏమిటి? అయిదో తరగతి వరకు పిల్లలు చదవడం నేర్చుకుంటారు. ఆరో తరగతి నుండి చదివి నేర్చుకోవాలి. చదవలేని పిల్లవానికి సాంఘికశాస్త్రం అందదు, లెక్కలో అడిగినదేమిటో తెలియదు. మొద్దు అనే పేరు వస్తుంది. తరువాత బడికి వెళ్లనంటాడు. పత్తి చేలోకో, మేస్త్రీ వెంటో వెళ్తాడు. గనుక ఈ సంగతిని చిన్నదిగా ఎంచకూడదు.

ఎక్కడ ఆగిపోయాడో చూడండి

తల్లిదండ్రులు చాలామంది ఏడో తరగతి పుస్తకమే ముందు పెట్టి మళ్లీ మళ్లీ చదివిస్తారు. దానివల్ల ప్రయోజనం లేదు. నాలుగు మెట్లు పరీక్షించండి: అక్షరాలు, చిన్న మాటలు, నాలుగు సులువైన వాక్యాలు, ఒక చిన్న కథ. ఎక్కడ తడబడితే అక్కడి నుండే మొదలుపెట్టాలి. తరగతిని బట్టి కాదు, మెట్టును బట్టి నేర్పాలి.

తెలుగులో ఎక్కువమంది ఆగిపోయేది ఒత్తుల దగ్గర. త, న, మ, య, ర, ల ఒత్తులకు వాటి అసలు అక్షరాలతో పోలిక ఉండదు. 'బడి', 'పలక' చదివిన పిల్లవాడు 'ప్రశ్న', 'పుస్తకం' దగ్గర నిలిచిపోతాడు. వారానికి రెండు ఒత్తులు తీసుకొని, ఒక్కొక్కదానికి పది మాటలు అట్టముక్కల మీద రాసి చదివించండి. ప, వ, మ, య వంటి ఒకే పోలిక గల అక్షరాలను పక్కపక్కన పెట్టి తేడా చూపించండి.

ఇంటి మాట కూడా ఒక కారణం. ఇంట్లో 'వచ్చిండు' అనే పిల్లవాడికి పుస్తకంలో 'వచ్చాడు' అని కనిపిస్తుంది. 'వచ్చిండు' అని చదివితే కసురుకోకండి, అతడు అర్థం పట్టుకున్నాడు. తరువాత మెల్లగా అక్షరాలు చూపించండి. ఇంట్లో గోండీ, కొలామీ మాట్లాడే పిల్లలకు మరింత ఓపిక కావాలి.

రోజూ ఇరవై నిమిషాలు

ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టడం కంటే రోజూ ఇరవై నిమిషాలు మేలు. తండ్రి నైట్ షిఫ్టుకు వెళ్లే వారంలో ఆ పని అక్కకో, అన్నకో అప్పగించండి.

1. మొదట పెద్దవారు చదవాలి, పిల్లవాడు వేలితో మాట మాట చూపాలి. తరువాత ఇద్దరూ కలిసి, చివరకు అతడొక్కడే చదవాలి. అదే పేజీ మూడు రోజులు చదివించండి.

2. ఒక మాట దగ్గర ఆగితే కొంచెం సమయం ఇవ్వండి. 'పుస్-త-కం' అని విడదీసి చూపండి. అప్పటికీ రాకపోతే మాట చెప్పి ముందుకు సాగండి.

3. చదివినది సొంత మాటల్లో చెప్పమనండి. 'కిరణజన్య సంయోగక్రియ' అని గట్టిగా చదివినంత మాత్రాన అర్థమైనట్టు కాదు.

4. చిన్న తరగతి పుస్తకం ఇచ్చినప్పుడు తమ్ముళ్ల ఎదుట చదివించకండి. ఆ వయసులో సిగ్గు ఎక్కువ.

చదువు రాని తల్లి కూడా సహాయం చేయగలదు. వంట చేస్తూ, "తరువాత ఏమైంది బిడ్డా?" అని అడిగితే చాలు, పిల్లవాడు కథను అర్థం చేసుకుంటూ చదువుతాడు.

బైబిలుతో మొదలుపెట్టవద్దు. మన పాత అనువాదంలో వాక్యాలు పొడవు, భాష గ్రాంథికానికి దగ్గర. చిన్న కథలతో మొదలుపెడితే బైబిలు దాకా తానే వస్తాడు. కంఠత వచ్చిన కీర్తనలో మాత్రం మధ్యలో ఒక మాట చూపి, "ఇదేమిటి?" అని అడగవచ్చు.

2022లో తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టినప్పుడు ఒకవైపు ఇంగ్లీషు, ఒకవైపు తెలుగు ఉన్న పుస్తకాలు ఇచ్చారు. అలాంటి పుస్తకం ఇంట్లో ఉంటే తెలుగు పేజీ ముందు చదివించండి. వెనుకబడిన పిల్లల కొరకు ప్రాథమిక తరగతుల్లో 2022లో 'తొలిమెట్టు', ఉన్నత పాఠశాలల్లో 2023లో 'ఉన్నతి' కార్యక్రమాలు ఆరంభించారు. మీ పిల్లవాడు ఏ మెట్టులో ఉన్నాడో ఉపాధ్యాయుణ్ణి వెళ్లి అడగండి. కళ్లు, చెవులు డాక్టరుకు చూపించండి. కొన్ని నెలలు శ్రద్ధగా చేసినా అక్షరాలు తారుమారవుతుంటే అది డిస్‌లెక్సియా కావచ్చు. అది బద్ధకం కాదు, తెలివి తక్కువా కాదు. దానికి తగిన శిక్షణ కావాలి.

సంఘం చేయదగినది

1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్‌లో రాబర్ట్ రైక్స్ సండే స్కూలు పెట్టినప్పుడు అక్కడ నేర్పిన ముఖ్యమైన సంగతి చదవడమే. వారమంతా పనికి వెళ్లే పేద పిల్లలకు ఆదివారం ఒక్కటే తీరిక. మన సండే స్కూలుకు వేరు అక్కడే ఉంది. ప్రార్థన మందిరం వారం రోజుల్లో సాయంకాలం ఖాళీగానే ఉంటుంది. లైటు ఉంది, చాపలు ఉన్నాయి. ఇంటర్, డిగ్రీ చదివే యౌవనస్థులు ఒక్కొక్కరు ఇద్దరేసి పిల్లలను తీసుకుంటే చాలు. ఏ మతం పిల్లలైనా రావచ్చు.

అపొస్తలుల కార్యములు ఎనిమిదో అధ్యాయంలో ఫిలిప్పు, రథములో చదువుకుంటున్న ఐతియొపీయుణ్ణి అర్థమవుతోందా అని అడిగాడు. దారి చూపేవాడు లేడని తెలిశాక రథమెక్కి అతని పక్కన కూర్చున్నాడు. మన పిల్లలకు కావలసింది అదే. ఈ సాయంకాలమే ఒక పిల్లవాని పక్కన కూర్చోండి.