మెదడునకు బట్టు బూజు



ఊరగాయకు బూజు పట్టుట మనమందఱ మెఱిగినదే. ఆ జాతిలోనిదే యగు క్రిప్టోకాకస్ అను సూక్ష్మజీవి మనుష్యుని మెదడుపొరలకును బట్టును. ఇది మట్టిలోను, పావురముల రెట్టలోను నుండును. ధూళితోఁ గూడి ఊపిరితిత్తులఁ జేరును. ఆరోగ్యవంతుని దేహము దీని నణఁచివేయును. హెచ్.ఐ.వి. సోకినవారియందును, స్టెరాయిడ్ మందులు చిరకాలము వాడినవారియందును, మూత్రపిండము మార్పించుకొన్నవారియందును ఇది రక్తము వెంట మెదడు చేరఁగలదు. రోగినుండి ఇంకొకరికి అంటదు. కావున రోగిని వెలివేయఁ బనిలేదు.

వారములతరబడి తగ్గని తలనొప్పి, జ్వరము, వాంతులు, చూపు మందగించుట, మాట తడఁబడుట దీని లక్షణములు. గాలి సోకినదని తలఁచి కాలము పుచ్చరాదు.

రోగనిర్ణయమునకు నడుమువద్ద సూదితో వెన్నునీరు తీయవలయును. ఇచ్చటనే పెద్దలు వెనుదీయుదురు. ఒక యువకుని తండ్రి, "అయ్యా, వెన్నున సూది గ్రుచ్చినఁ గాళ్లు పడిపోవునఁట గదా!" యని నన్నడిగెను. మూఁడు దినములు సమ్మతింపలేదు. నాలుగవనాఁడు సమ్మతించెను. కుమారుని ప్రాణము దక్కినది, చూపు దక్కలేదు.

ఆ భయమునకు నా సమాధానమిది: పెద్దవారిలో వెన్నుపాము నడుమునకుఁ బైననే ముగియును. సూది గ్రుచ్చునది అంతకుఁ గ్రిందుగా. అచ్చట నీటిలోఁ దేలు నరములు మాత్రమే యుండును. తీసిన నీటిలో నల్లసిరా కలిపి సూక్ష్మదర్శినితోఁ జూచినచో, ఆ జీవులు వరదగుడి కట్టిన చందమామలవలెఁ గానవచ్చును. అంతియ కాదు, తలలోని నీటి యొత్తిడియే చూపును హరించునది. నీరు తీసిన ఆ యొత్తిడి తగ్గును. అందుచే ఆ సూది పరీక్షయే కాక చికిత్సయుఁ గూడ. అవసరమైనచోఁ బలుమాఱులు చేయవలసియుండును.

మందులలో ముఖ్యమైనది ఆంఫోటెరిసిన్. వెనిజులా దేశపు ఒరినోకో నదీతీరపు మట్టిలోని యొక సూక్ష్మజీవినుండి 1950 తరువాతి దశకమున దీనిని గనుఁగొనిరి. మట్టినుండి వచ్చిన రోగమునకు మందును మట్టినుండియే లభించినది! ఇది మూత్రపిండములకుఁ గీడు చేయవచ్చును గనుక రక్తపరీక్ష లవసరము. హెచ్.ఐ.వి. గలవారికి, క్రొవ్వుపొరలోఁ బొదిగిన ఈ మందును ఒకేమాఱు పెద్దమోతాదుగా నిచ్చి, ఫ్లూసైటొసిన్, ఫ్లూకొనజోల్ మందులను 14 దినము లీయవచ్చునని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపినది.

పిమ్మట ఫ్లూకొనజోల్‌ను 8 వారములును, తగ్గించిన మోతాదున సంవత్సరమో, అంతకు మించియో వాడవలయును. తలనొప్పి పోయినదని నడుమ మానినచో, దాఁగియున్న బూజు మరల విజృంభించును.

పెద్దలారా, ఇంట మీ మాటకు విలువ గలదు. సూదికి సమ్మతి నిచ్చుటయందు జాగు చేయకుఁడు; మందు మానుటయందుఁ దొందరపడకుఁడు. సెలవు.